ఆరు నెలలు తాళం వేసి ఉన్న ఫ్లాట్

2023 ఫిబ్రవరి. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, జిరాక్స్ షాపు పక్క గది నా ఆఫీసు. ఒక టేబుల్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పంజాగుట్ట నుంచి యూసుఫ్‌గూడ దాకా నేనే గీసుకున్న పటం. ఇళ్లు, ఫ్లాట్లు కొనిపించే పనిలో అప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. బోర్డు మీద ఏజెంట్ అని రాయించుకున్నాను గానీ, జనం పిలిచేది బ్రోకర్ యాదగిరి అనే.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక వకీలు ‘అన్‌డివైడెడ్ షేర్’ అన్నాడు. నేను తెల్లమొహం వేస్తే ఇల్లు కొనే పార్టీ ముందే నవ్వాడు. అపార్ట్‌మెంట్ కట్టిన స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే విడదీయని వాటా అని దాని అర్థం. మర్నాడే శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకున్నాను. మూడు నెలలు ఆస్తుల చట్టాల మీద ఉన్న పుస్తకాలు చదివాను. అవి అయిపోయాక అలవాటు ఆగలేదు. నేల గురించి, ఊళ్ల చరిత్ర గురించి, ఆకాశం గురించి, ఏది దొరికితే అది చదివాను. కాలేజీ మెట్లు ఎక్కని నేను ఇంజనీర్లకు డాక్యుమెంట్లు చదివి అర్థం చెప్పగలిగాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. ఈ కేసులో నేను చేసిన తప్పు కూడా అక్కడి నుంచే పుట్టింది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ రోజు ముగ్గురు వచ్చారు. నరేందర్ సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. అతని భార్య శ్రావణి మా సందులోనే ఒక కోచింగ్ సెంటర్లో ఫోన్లెత్తి అడ్మిషన్లు రాసుకునే పనిలో ఉండేది. మూడో మనిషి నరేందర్ తల్లి అనసూయమ్మ. అరవై ఐదు దాటి ఉంటాయి. కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

“డబుల్ బెడ్‌రూం గావాలన్నా. అమీర్‌పేట అయినా సరే, పంజాగుట్ట అయినా సరే. నాకు దవాఖాన దగ్గరుండాలె” అన్నాడు నరేందర్.

“ఇంతకుముందు ఏమన్న కొన్నరా?”

“సైకిల్ మోటర్ కొన్నం” అంది శ్రావణి. “దాన్ని సుత ఓనరు లోపల పెట్టనియ్యడు.”

అందరం నవ్వాం. అనసూయమ్మ నవ్వలేదు.

“బిడ్డా, వాళ్లకు వంటిల్లు, బాల్కనీ అన్నీ గావాలె. నాకొక్కటే గావాలె. నేను పోయినంక నన్ను దింపనీకి సొంత గడప” అంది.

అప్పటికి నాలుగు నెలల కిందట ఆమె భర్త మల్లయ్య ఆసుపత్రిలో పోయాడు. యూసుఫ్‌గూడలో వాళ్లు అద్దెకుంటున్న ఇంటికి వ్యాను వచ్చేసరికి ఓనరు గేటుకు తాళం వేశాడు. ఈ నగరంలో అద్దెకున్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి కొత్త కాదు. కిరాయిదారు ఇంట్లో పీనుగు దింపితే ఇంటికి కీడు అని, తర్వాత ఎవరూ అద్దెకు రారని ఓనర్ల భయం. “దవాఖాన్ల పోయిన మనిషిని మళ్ల ఇంట్లకు ఎందుకు తెస్తున్నరు? సక్కగ అటే తీస్కపోరాదు?” అని పై అంతస్తు నుంచే అన్నాడట. మూసి ఉన్న టిఫిన్ సెంటర్ ముందు సిమెంటు అరుగు మీద మల్లయ్యను పడుకోబెట్టారు. బోరబండ నుంచి కూతురు వచ్చేదాకా మూడు గంటలు, వచ్చే పోయే బండ్ల మధ్య అక్కడే ఉంచారు. పదకొండు రోజుల కార్యాలు శ్మశానం పక్క షెడ్డులో చేసుకున్నారు.

ఇదంతా నరేందర్ నా టేబుల్ మీది క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పాడు. తల్లి అదే మాటను ఇంకోసారి అంది. “మా ఆయనకు లేకపాయె. నాకన్న ఉండాలె.”

మొదటి ఇల్లు కొనేవాళ్లతో పని చేయడం ఎలా ఉంటుందో ఈ వృత్తిలో లేనివాళ్లకు తెలియదు. వాళ్లు ఇంటిని చూడరు, ఆ ఇంట్లో తమను తాము చూసుకుంటారు. గోడ చూడగానే టీవీ ఎక్కడ పెట్టాలో మాట్లాడతారు. కాగితాలు చూపిస్తే ఆవులిస్తారు. వారం తర్వాత కాగితాల్లో తేడా ఉందని చెబితే, చనిపోయిన చుట్టం గురించి మాట్లాడినట్టు ఆ ఇంటి గురించి మాట్లాడతారు.

ప్రతి ఆదివారం తిరిగాం. అమీర్‌పేటలో ఒక ఫ్లాట్ అన్ని విధాలా బాగుంది గానీ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. అనసూయమ్మ మూడో అంతస్తు మెట్ల మలుపులో ఆగి రెండు చేతులూ బార్లా చాపి గోడలను తాకి చూసింది. బీరువా ఎక్కుతుందా అని కొలుస్తోంది అనుకున్నాను.

“అమ్మా, బీరువాను పైనుంచి తాళ్లతోని ఎక్కిస్తరు, ఫికర్ జేయకు” అన్నాను.

“బీరువా గాదు బిడ్డా. నన్ను దించేటప్పుడు గీ మలుపు కాడ నలుగురికి తిరుగుతదా అని జూస్తున్న.”

శ్రావణి నొసలు కొట్టుకుంది. “అత్తమ్మా, మేం ఇల్లు జూస్తుంటే నువ్వు రూట్ జూస్తున్నవా?”

“మీరు ఎక్కేది జూడుండ్రి. నేను దిగేది జూస్త.”

ఆ తర్వాత చూసిన ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఆమె మెట్ల మలుపు కొలిచింది. రెండు మూడు చోట్ల వాచ్‌మెన్లు వింతగా చూశారు.

పంజాగుట్టలో ఒక పెంట్‌హౌస్ చూశాం. చుట్టూ టెర్రస్, గాలి, వెలుతురు. నరేందర్ అక్కడే ఉండిపోదాం అన్నాడు. నేను మున్సిపల్ ప్లాన్ తెప్పించి చూస్తే ఆ అంతస్తుకు అనుమతే లేదు. దీన్ని ‘డీవియేషన్’ అంటారు, ఇచ్చిన అనుమతిని దాటి కట్టడం. బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇంకో ఇంటికి ‘ఈసీ’ తీయిస్తే అన్నదమ్ముల కోర్టు కేసు బయటపడింది. ఈసీ అంటే ఆ ఆస్తి మీద ఇన్నేళ్లలో జరిగిన అమ్మకాలు, తనఖాల చిట్టా. నేను కాగితం చూపించి వద్దన్నప్పుడల్లా నరేందర్ నా మీదే విసుక్కునేవాడు. “అన్నా, నువ్వు ఇల్లు చూపిస్తున్నవా, దాని రోగం చూపిస్తున్నవా? నా డ్యూటీ నువ్వు జేస్తున్నవ్.”

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ జూలైలో తగిలింది. ఒక ఫ్లాట్ అందరికీ నచ్చింది. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ‘టోకెన్’ కూడా ఇచ్చాం. మాట ఖాయమైందని గుర్తుగా ఇచ్చే చిన్న అడ్వాన్సు అది. శ్రావణి కిటికీలకు పరదాల కొలతలు తీసుకుంది. పదిహేను రోజులకు అమ్మేవాళ్లు టోకెన్ తిరిగి పంపారు. ఎవరో ఎక్కువ ఇస్తామన్నారు. శ్రావణి ఆ కొలతల కాగితాన్ని నా టేబుల్ మీద పెట్టింది. “ముప్పై ఇండ్లు జూసినం అన్నా. ఇంకో ముప్పై జూస్తే మమ్మల్ని ఎక్కడో ఒక కాడ వాచ్‌మెన్లుగ పెట్టుకుంటరు. అప్పుడు ఇల్లు ఫ్రీ” అంది. నవ్వబోయి ఏడ్చింది.

ఈలోగా యూసుఫ్‌గూడ ఓనరు ఇల్లు ఖాళీ చేయమని రెండుసార్లు చెప్పాడు. బ్యాంకువాళ్ల ‘శాంక్షన్ లెటర్’ గడువు ఒకసారి అయిపోయింది. మీకు ఇంత అప్పు ఇస్తాం అని బ్యాంకు రాసిచ్చే ఆ ఉత్తరానికి కొన్ని నెలలే విలువ. మళ్లీ జీతం కాగితాలన్నీ పెట్టి కొత్తది తెచ్చుకున్నారు. అదీ నవంబరుతో అయిపోతుంది. భార్యాభర్తలు ఫ్లాట్ల లిఫ్టుల్లోనే పోట్లాడుకునే స్థితికి వచ్చారు. నాకూ ఓపిక తగ్గింది.

అక్టోబరులో ప్రసాద్ గారు ఫోన్ చేశారు. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఉన్న మనిషి, బీమా కంపెనీలో ఆఫీసరు. పంజాగుట్ట లోపలి కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్. తూర్పు వాకిలి, లిఫ్ట్, వెడల్పైన మెట్లు. నేను వెళ్లేసరికి తలుపు తీసి నిలబడి ఉన్నారు. లోపల కిటికీలన్నీ మూసిన వాసన.

“ఏంటి సార్, ఎవరూ ఉండట్లేదా?” అన్నాను.

“ఆరు నెలలైందండీ తాళం వేసి. మా అమ్మగారు ఈ గదిలోనే నిద్రలో వెళ్లిపోయారు. ధనిష్ఠా పంచకం అన్నారు. ఇల్లు ఖాళీ చేసి కూకట్‌పల్లి వెళ్లిపోయాం. శాంతి కూడా చేయించాం. కానీ మా ఆవిడ మళ్లీ ఇక్కడ అడుగుపెట్టనంటోంది. అందుకే తక్కువకే ఇచ్చేస్తున్నా. మీరు పార్టీకి ఈ విషయం చెప్పే తీసుకురండి. తర్వాత మాట రాకూడదు.”

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి దోషమని మనవాళ్ల నమ్మకం. ఇల్లు కొన్ని నెలలు మూసి, శాంతి చేయించి, తర్వాత తిరిగి ప్రవేశిస్తారు. తెలంగాణలోనైనా కోస్తాలోనైనా దీన్ని పాటించేవాళ్లు చాలామంది.

నాకు ఈ నమ్మకం లేదు. గ్రంథాలయంలో ఆకాశం మీద ఉన్న పుస్తకం చదివి, నోటుబుక్కులో నక్షత్రాల పటం దించుకున్నవాణ్ణి. చంద్రుడు నెల తిరిగేలోపు ఇరవై ఏడు నక్షత్రాలనూ దాటుతాడు. అందులో ఐదు పంచకమైతే, మనిషి పోయిన ప్రతి ఐదారు ఇళ్లలో ఒకటి మూతపడాలి. అలా మూస్తే ఈ నగరంలో ఆసుపత్రులన్నిటికీ ఎప్పుడూ తాళాలే ఉండాలి. ఈ వాదన నేను చాలామందికి వినిపించి మెప్పు పొందాను. ఆ రోజు మెట్లు దిగుతూ నాకు నేనే మళ్లీ వినిపించుకున్నాను. కింద వాకిట్లోకి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. వీళ్లకు చెప్పను. చెబితే ఆ ముసలావిడ ఒక్క క్షణం నిలబడదు. ఎనిమిది నెలల తర్వాత దొరికిన శుభ్రమైన ఇల్లు ఒక లెక్కలేని భయానికి చేజారిపోతుంది. వాళ్ల మంచికే అనుకున్నాను. నా కమీషన్ గుర్తు రాలేదని అంటే అబద్ధం. కానీ కమీషన్ కంటే నా తెలివి మీద నాకున్న నమ్మకమే ఎక్కువ పని చేసింది.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. శ్రావణి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయింది. నరేందర్ బాల్కనీలోంచి ఫోన్‌లో దవాఖానకు దూరం చూసుకుంటున్నాడు. అనసూయమ్మ మెట్ల మలుపు కొలిచి, తృప్తిగా తల ఊపి, లోపలికి వచ్చింది. గదులన్నీ తిరిగి నా ముందు ఆగింది.

“బిడ్డా, మంచిగున్నది. మరి ఎందుకు తాళమేసి ఉన్నది?”

“కూకట్‌పల్లి పోయిన్రమ్మా. వాళ్లకు అక్కడ సౌలత్ ఉన్నది.”

“గీ ఇంట్ల ఎవరన్న పోయిన్రా?”

ఆమె నా మొహంలోకి సూటిగా చూస్తూ అడిగింది. అనుమానంతో కాదు. తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

“నాకు తెల్సి గట్లాంటిదేం లేదమ్మా” అన్నాను.

“నువ్వు సదువుకున్నోనివి. నీకు తెల్వకుంట ఉంటదా?” అని తృప్తి పడింది.

బేరం రోజు ఇంకో అవకాశం వచ్చింది. ప్రసాద్ గారు నా ఆఫీసులో నరేందర్‌తో, “యాదగిరి గారు మీకు విషయమంతా చెప్పారు కదండీ?” అన్నారు. నరేందర్ కాగితాల సంగతి అనుకుని, “అన్నీ చెప్పిండు సార్, ఈసీ సుత చూపించిండు” అన్నాడు. ప్రసాద్ గారు నావైపు చూశారు. నేను “అంతా అయింది సార్” అని పెన్ను అందించాను.

నవంబరులో రిజిస్ట్రేషన్ అయింది. గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. అనసూయమ్మే స్వయంగా పాలు పొంగించింది. గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దాని మీద చేయి ఆనించి కాసేపు కూర్చుంది. అది చూసి నేను చేసింది సరైన పనేనని గట్టిగా అనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఎదురు ఫ్లాట్ ఆవిడ పప్పు రుబ్బుకోవడానికి గ్రైండర్ కోసం వచ్చిందట. కోస్తావాళ్లు, మంచి మనిషి. వెళ్లబోతూ మెచ్చుకోలుగా, “మీరు భలేవారండీ. ఆ పంచకం గొడవ పట్టించుకోకుండా కొనుక్కున్నారు. అందరూ మీలా ఉంటే బాగుండు” అంది.

“ఏం పంచకం?” అంది అనసూయమ్మ.

ఆ సాయంత్రం నుంచి ఆమె ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. కింద పార్కింగ్‌లో వాచ్‌మెన్ స్టూలు మీద కూర్చుంది. కొడుకు బతిమిలాడితే, “శాంతి జేసిన్రో లేదో, ఏం జేసిన్రో నాకు తెల్వదు. తెల్సేదాక నేను లోపలికి రాను” అంది. మర్నాడు బోరబండలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అదీ అద్దె ఇల్లే.

నరేందర్ డ్యూటీ బట్టలతోనే నా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోలేదు.

“నీకు తెలుసా అన్నా?”

నేను తెలుసన్నాను. వెంటనే చంద్రుడి సంగతి, ఇరవై ఏడు నక్షత్రాల సంగతి, ఐదారు ఇళ్ల లెక్క మొదలుపెట్టాను. అతను అడ్డుపడకుండా చివరిదాకా విన్నాడు.

“నేను రోజూ సచ్చేటోళ్ల బొక్కలు ఎక్స్‌రేల జూస్తనన్నా. గీ నక్షత్రాలు నాకూ పట్టవు. నన్ను అడిగితే నీ లెక్కకు నేను చప్పట్లు కొడుతుంటి. కానీ నిన్ను అడిగింది అమ్మ. నువ్వు అమ్మకు లెక్క చెప్పలే. లేదని చెప్పినవ్.”

అంతే అని వెళ్లిపోయాడు.

అప్పుడే నేను బోరబండ వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. రేపు అనుకున్నాను, పని ఉందనుకున్నాను. ఒక వారం ఆమె మొండితనం మీద కోపం, ఇంకో వారం సిగ్గు. గ్రంథాలయానికి కూడా పోలేదు. మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి శ్రావణి ఫోన్ చేసింది. “అన్నా, మేం చెప్తే ఇంటలేదు. అబద్ధమాడినోడు నువ్వు. నువ్వే పోయి నిజం జెప్పు” అంది.

ఏప్రిల్ చివర బోరబండ వెళ్లాను. రేకుల గదిలో ఫ్యాను కింద కూర్చుని ఆమె చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చాప చూపించింది. ప్రసాద్ గారు చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆయన తల్లి ఏ గదిలో పోయిందీ, ఎలా పోయిందీ, శాంతి ఎవరు చేయించిందీ చెప్పాను.

ఆమె గింజలు తీస్తూనే వింది. తర్వాత, “నిద్రల్నే పోయిందా?” అంది.

“నిద్రల్నే అమ్మా.”

“మంచి సావు. పుణ్యాత్మురాలు.” చింతపండు పక్కకు జరిపి, “గిది అప్పుడే ఎందుకు చెప్పలేదు బిడ్డా?” అంది.

“చెప్తే కొనరనుకున్న.”

ఆమె తల ఎత్తింది. “ఎందుకు కొనం? శాంతి జేసిన్రా అని అడుగుతుంటి. జేసిన్రంటే మల్లొకసారి మా అయ్యగారితోని జేయిస్తుంటి. ఆ తల్లికి ఒక దీపం బెట్టి, నీ ఇంట్లకు వస్తున్నం, సల్లగ జూడు అని మొక్కి పాలు పొంగిస్తుంటి. దానికొక పద్ధతి ఉన్నది గద. సావు లేని ఇల్లు యాడుంటది? నాకు తెల్వదా? నేనే సావనీకి ఇల్లు అడిగితిని.”

ఇన్నేళ్లలో నక్షత్రాల గురించి నేను చదివినంత ఆమె చదివి ఉండదు. కానీ ఆ నమ్మకంలోంచి బయటికి వచ్చే దారి కూడా ఆ నమ్మకంలోనే ఉందని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. భయం ఉందని మాత్రమే నేను చదివాను. ఆ భయానికి వాళ్లు ఏం చేసుకుంటారో ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.

“ఇప్పుడైనా జేయిద్దామమ్మా. అయ్యగారిని నేను తీస్కొస్త” అన్నాను.

ఆమె ఒప్పుకుంది. “అయితే సక్కగ జేయించు. అది అయినంకనే నేను గడప దాటుత. అంతదాక నన్ను ఆ ఇంటికి తోల్కపోవద్దు. సచ్చినా తోల్కపోవద్దు. ఒకసారి చెప్పకుంట దూరిన. మల్లొకసారి దూర.” పక్కనే ఉన్న కూతురు లక్ష్మి, “ఏం మాటలమ్మా అవి” అని కసిరింది.

ఆ సాయంత్రమే వాళ్ల పురోహితుడి దగ్గరికి వెళ్లాను. ఆయన పంచాంగం తిప్పి, “మూఢం వచ్చేసింది నాయనా. శాంతి చేసి మళ్లీ పాలు పొంగించాలంటే రెండు నెలలు ఆగాలి. మొన్నటిదాకా మంచి రోజులు బోలెడున్నాయి, ఏం చేస్తున్నారు?” అన్నారు. మూఢమంటే శుభకార్యాలు చేయకూడని కాలం. మంచి రోజులున్నప్పుడు నేను సిగ్గుపడుతూ కూర్చున్నాను.

జూన్ మొదట్లో అనసూయమ్మ బోరబండలో స్నానానికి వెళ్లి పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. నరేందర్ పనిచేసే ఆసుపత్రిలోనే నాలుగు రోజులుంది. ఐదో రోజు ఉదయం శ్రావణి ఫోన్ చేసి, “అత్తమ్మ పోయింది. నువ్వు జర రా అన్నా” అంది.

నేను వెళ్లేసరికి ఆసుపత్రి వెనక గేటు దగ్గర వ్యాను నిలబడి ఉంది. లక్ష్మికి అప్పటికే వాళ్ల ఓనరు ఫోన్ చేశాడు, ఇక్కడికి తేవద్దని. ఆమె తమ్ముడి చేయి పట్టుకుని ఏడుస్తోంది.

“నీ ఇంటికే తోల్కపోదం రా. అమ్మ గదే గద అడిగింది.”

శ్రావణి కూడా అదే అంది. “మనకు గడప ఉన్నది నరేందర్. ఉండంగ మల్ల రోడ్డు మీదనా? ఎవరు ఆపుతరు ఇప్పుడు?”

నరేందర్ వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరూ ఆపరు. అమ్మనే వద్దన్నది” అన్నాడు. “శాంతి అయినంక వస్తనన్నది. మాట్లాడలేదని బలవంతంగ ఎత్తుకపోతనా? ఒకసారి ఆమెకు చెప్పకుంట తోల్కపోయినం. సాలు.”

డ్రైవర్ ఎటు పోవాలని అడిగాడు. నరేందర్ శ్మశానం పేరు చెప్పాడు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో వ్యాను పావుగంట ఆగింది. నా బండి దాని వెనకే ఉంది. వాళ్ల కాలనీకి తిరిగే రోడ్డు ఎడమ పక్కనే. పచ్చ సిగ్నల్ పడ్డాక వ్యాను తిన్నగా వెళ్లింది. శ్మశానంలో షెడ్డు కింద ఇంకో కుటుంబం ఉంది. వాళ్ల పని అయ్యేదాకా అనసూయమ్మను బయట అరుగు మీద ఉంచారు. ఎండ పడుతుంటే శ్రావణి తన చున్నీ పట్టుకుని నీడ చేసింది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు, నావైపు చూడలేదు. అంతా అయ్యాక నరేందర్ దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను. “ఇప్పుడొద్దన్నా” అన్నాడు. ఆ ‘ఇప్పుడు’ ఇంకా అయిపోలేదు. వాళ్లు ఆ ఫ్లాట్‌లోనే ఉంటున్నారు. మూఢం పోయాక అన్నీ చేయించుకున్నారని ఎదురింటి ఆవిడ చెప్పింది. నన్ను పిలవలేదు, పిలుస్తారని నేనూ అనుకోలేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఈసీ చదవడం, ప్లాన్ చూడడం చెబుతాను. దాంతోపాటు ఇంకొకటి చెబుతాను. ఇంటి గురించి కొనేవాళ్లు అడిగిన ప్రశ్న మీకు తెలివితక్కువగా అనిపించినా దానికి జవాబు నిజంగా ఇవ్వండి. మీరు చదువుకున్నది వాళ్లు అడిగితే తర్వాత చెప్పండి, అది వేరే సంగతి. ఇప్పుడు నేను అమ్మేవాళ్లను మొదటి రోజే అడుగుతాను, ఎవరైనా పోయారా, ఎప్పుడు పోయారు, ఏం చేయించారు అని. కొనేవాళ్లకు తాళం తీయకముందే చెప్పేస్తాను. నక్షత్రాల మీద నా నమ్మకం మారలేదు. నా లెక్క ఈ రోజుకీ సరైనదే. ఆ లెక్క ఎవరి కోసం వేస్తున్నానో వాళ్లను అడగకుండా వేశాను.

మొన్న సోమాజిగూడలో ఒక ఫ్లాట్ కోసం కొత్తగా పెళ్లైన జంట వచ్చింది. ఆ ఇంట్లో ఒకరు పోయిన విషయం మెట్ల దగ్గరే చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, దండం పెట్టి, పైకి ఎక్కకుండానే వెళ్లిపోయారు. ఆ వెంటనే వచ్చిన ఇంకొకాయన, “శాంతి చేయించారా?” అని అడిగి పైకి ఎక్కాడు. వెళ్లిపోవడమైనా, తెలిసి ఉండిపోవడమైనా వాళ్ల చేతిలో ఉంది. అనసూయమ్మ చేతిలో నేను ఆ రెండూ లేకుండా చేశాను.